ఎద్దులపేట రైలు: జపాను అచ్చుబొమ్మలు, మన ఊళ్లు

మా ఆదోనికి రైలులో వచ్చువారికి ముందుగా కానవచ్చునవి కొండలు. ఆ కొండలమీద విజయనగరపు కాలముననే పేరుగాంచిన దుర్గము. దాని క్రింద సిద్ది మసూదుఖాను పదునేడవ శతాబ్దిలో కట్టించిన జుమ్మా మసీదు. దానికి ఇవతల బజారు. బజారు దాటినపిమ్మట పత్తినుండి గింజలను వేరుచేయు మిల్లులు, బేళ్లు కట్టు ప్రెస్సులు. పత్తి వచ్చు నెలలలో మార్కెట్టు వీధులలో గాలికూడ తెల్లగా నుండును. మూడు నాలుగు శతాబ్దములు ఒక్క చూపులో ఇమిడిన ఈ దృశ్యమును మేము ప్రతిదినమును చూచుచున్నాము. ప్రతిదినమును చూచుచుండుటచేతనే దానిని గమనింపకున్నాము.

కొంతకాలము క్రిందట నేను పై తరగతి విద్యార్థులకు చరిత్రపాఠము చెప్పుచు జపానుదేశపు చెక్క అచ్చుబొమ్మల పుస్తకమొకటి చూపితిని. అందు రెండు బొమ్మలను ప్రక్కప్రక్కన నుంచి పోల్చుడని చెప్పితిని. పిల్లలు చాలసేపు చూచిరి. తుదకు వెనుక బల్లమీది పిల్లవాడొకడు లేచి, "సార్, మన ఊరి బొమ్మలు ఇట్లా ఎవరూ వేయలేదా?" అని అడిగెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు. గంట మ్రోగినది, పాఠము ముగిసినది, ప్రశ్నమాత్రము నాతో ఇంటికి వచ్చినది. దానికి ఆలస్యముగా చెప్పుకొనుచున్న ప్రత్యుత్తరమే ఈ వ్యాసము.

ఆ రెండు బొమ్మలు ఎట్టివో ముందు చెప్పవలెను. మొదటిది ఉతగవా హిరోషిగె యను చిత్రకారుడు 1857లో వేసినది. నేటి టోక్యో నగరమునకు అప్పటి పేరు యెదో. ఆ నగరమునకు దక్షిణపు కొనయందు, సముద్రపుటొడ్డున, తకనవా యను పేట గలదు. అందొక భాగమునకు ఉషిమాచి యని పేరు. ఎద్దులపేట యని దాని కర్థము. బండ్లు తోలుకొని బ్రదుకువారు అచ్చట కాపురముండిరి. బొమ్మలో ఎద్దుబండి చక్రమొకటి మన ముఖమునకు తగులునంత దగ్గరగా, సగము మాత్రమే కనబడును. దానిచెంత తిని పారవేసిన పుచ్చకాయ తొక్కలు, రెండు కుక్కపిల్లలు. దూరమున సముద్రముమీద తెరచాపల ఓడలు. ఆ ఓడల నడుమ చదునైన చిన్న దిబ్బలు కొన్ని యున్నవి. మొదటి చూపునకు అవి కంటికి ఆనవు. అవి ఫిరంగుల నుంచుటకై నీటిలో కట్టిన కృత్రిమపు దీవులు. 1853లో అమెరికా నౌకాధిపతి పెర్రీ ఆవిరియోడలతో వచ్చి, మీ రేవులు తెరువుడని బెదరించిపోయిన పిమ్మట, భయముతో కట్టిన దీవులవి. కుక్కపిల్లలు ఆడుకొనుచుండగా, వెనుక ఒక యుగము ముగియుచున్నది.

రెండవది కొబయాషి కియొచిక యనునతడు 1879లో వేసినది. స్థలము అదే ఎద్దులపేట. మబ్బు కమ్మిన వెన్నెల రాత్రి. బండి చక్రము లేదు. సముద్రపుటంచున కట్టమీద రైలుబండి పోవుచున్నది. పెట్టెల కిటికీలలో దీపముల వెలుతురు, పైన మసకచంద్రుడు, క్రింద నల్లని నీరు. జపానులో మొదటి రైలు 1872లో టోక్యోలోని షింబాషికిని యొకొహామా రేవునకును నడుమ నడచినది; ఈ దారి అదియే. సముద్రములో రాళ్లు పేర్చి కట్టిన ఆ రైలుకట్ట భూమిలో పూడిపోయి, 2019లో కట్టడపు పనులు జరుగుచుండగా మరల బయటపడినది. ఇందొక చిత్రమైన విషయము గలదు. ఆ దారిలో నడచినవి ఇంగ్లండునుండి తెచ్చిన ఇంజనులు. బొమ్మలోనిదో అమెరికా తరహా ఇంజను. విదేశమునుండి వచ్చిన అచ్చుబొమ్మను చూచి చిత్రకారుడు దానిని దించెనని పండితుల అభిప్రాయము. చంద్రుడు తన ఊరివాడు, కడలి తన ఊరిది, ఇంజనుమాత్రము కాగితమునుండి వచ్చినది. క్రొత్తదనము ఏ దేశమునకైనను మొదట ఇట్లే వచ్చును కాబోలు.

ఇట్టి బొమ్మలు రాజులకొరకును శ్రీమంతులకొరకును వేసినవి కావు. బజారులో సామాన్యులు కొనుక్కొని గోడకంటించుకొనునవి, ఊరినుండి వచ్చిన చుట్టము జ్ఞాపకార్థము తీసికొనిపోవునవి. పెక్కు రంగుల అచ్చు 1765 ప్రాంతమున సాధ్యమైనపుడు దానికి వారు పెట్టిన పేరు నిషికియె. జలతారు బట్టవంటి బొమ్మ యని భావము. నేతపనివారి నడుమ నివసించు నాకు ఆ పేరు ప్రత్యేకముగా నచ్చినది. పనియందును నేతకును దానికిని పోలిక గలదు. బొమ్మ క్రింద చిత్రకారుని పేరే యున్నను, అది నలుగురి పని. ప్రకాశకుడు పెట్టుబడి పెట్టి ఏ బొమ్మ కావలెనో చెప్పును. చిత్రకారుడు పలుచని కాగితముమీద గీతలు గీయును. చెక్కువాడు ఆ కాగితమును చెర్రీచెట్టు పలకమీద బోర్లించి అంటించి, గీతలు మాత్రము నిలుచునట్లు మిగిలిన చెక్కను తీసివేయును. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క పలక. అచ్చువాడు పలకకు రంగు పూసి, తడిపిన కాగితమును దానిపై పరచి, వెదురు పట్టలో చుట్టిన గుండ్రని దిమ్మతో వీపున రుద్దును. పలక మూలను చెక్కిన చిన్న గుర్తునకు కాగితపు అంచును ఆనించుటచేత, పది పలకలమీద పదిసార్లు అచ్చొత్తినను రంగు వెండ్రుకవాసియైనను ప్రక్కకు పోదు. మన పెడనలో టేకుచెక్కతో అచ్చులు చెక్కి, మచిలీపట్నపు కలంకారీ బట్టమీద ఒక అచ్చు ప్రక్కన మరియొక అచ్చును కన్నుగుర్తుతో కలుపువారి నేర్పును చూచినవారికి ఈ నేర్పు సులభముగా బోధపడును.

రంగుల కథ ఇంకను ముఖ్యమైనది. తొలుత వారు ఆకులనుండి, పూలనుండి, మన్నునుండి తీసిన రంగులు వాడిరి. 1830 ప్రాంతమున ఐరోపానుండి బెర్లిను నీలము చౌకగా దిగినది. హొకుసాయి వేసిన ఫ్యూజి పర్వతపు బొమ్మలలో మనము మెచ్చుకొను గాఢమైన నీలము అదియే. జపాను సొంత నీలమని లోకము తలచునది నిజమునకు జర్మనీ సరుకు. 1860 తరువాత అనిలిను రంగులు వచ్చినవి. క్రొత్త యుగపు బొమ్మలలోని మండునట్టి ఎరుపును ఊదాయు వానివే. ఆ కాలముననే అదే రసాయనశాస్త్రము మన అద్దకపువాని ఇంటి తలుపుకూడ తట్టినది. తరతరములుగా చిరివేరునుండి ఎరుపు తీసినవారికి, 1869లో జర్మను రసాయనికులు కనుగొన్న కృత్రిమపు ఎరుపు పోటీయైనది. కడప సీమ నీలిమందునకు 1897లో అంగడికెక్కిన కృత్రిమ నీలిమందు మృత్యువైనది. ఒకే డబ్బాలోని రంగు అచ్చట బొమ్మలకు క్రొత్త వెలుగిచ్చినది; ఇచ్చట నీలిచేలను, చిరివేరు త్రవ్వువారిని పనిలేనివారిని చేసినది. ఎందుకిట్లు జరిగినదను ప్రశ్నను పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. దానికే మరల వచ్చెదను.

1868లో యెదో టోక్యోగా మారినది. రాజ్యము షోగునులనుండి చక్రవర్తి పక్షమునకు పోయినది. 1872లో గింజా వీధి కాలిపోగా, దానిని ఇటుకలతో పాశ్చాత్య రీతిని తిరిగి కట్టిరి. గ్యాసుదీపములు, తంతితీగెలు, రిక్షాలు, గొడుగులు, టోపీలు ఒక్కుమ్మడిగా వచ్చిపడినవి. అచ్చుబొమ్మలవారు వీనిని వదలలేదు. మూడవ హిరోషిగె మున్నగువారు ఎరుపు ఊదా రంగులతో రైలుస్టేషనులను, వంతెనలను, 1877లో ఉయెనోలో జరిగిన జాతీయ పరిశ్రమల ప్రదర్శనమును పండుగవలె చిత్రించిరి. ఆ బొమ్మలలో ఆకాశము ఎల్లప్పుడు నిర్మలము, జనులందరు తీరికగలవారు. ఇవి క్రొత్తదనమునకు కట్టిన తోరణములు. నాటి ప్రభుత్వమునకు మిక్కిలి ఇష్టమైనవి.

కియొచిక దారి వేరు. ఆయన 1876 మొదలు 1881 వరకు టోక్యో దృశ్యములను తొంబదిమూడింటిని ప్రచురించెను. వానిలో వెలుతురు ఒక పాత్ర. గ్యాసుదీపపు వెలుతురు, మిణుగురుల వెలుతురు, కిటికీలోని వెలుతురు, అగ్నిజ్వాలల వెలుతురు. మొదటి జాతీయ బ్యాంకును మంచులో చూపిన బొమ్మ వానిలో ప్రసిద్ధమైనది. ఆ భవనమును 1872లో కట్టినవాడు షిమిజు కిసుకె యను వడ్రంగి మేస్త్రి. ఇంజనీరు పరీక్ష ఏదియు ఆయన ఎరుగడు. క్రింది అంతస్తులను పాశ్చాత్య భవనమువలె వరండాలతో కట్టి, దానిమీద జపాను కోట బురుజును కిరీటమువలె నిలిపెను. దానిని చూచి నవ్వినవారు నవ్విరి. 1897లో దానిని కూలద్రోసి శుద్ధమైన పాశ్చాత్య భవనమును కట్టిరి. కియొచిక బొమ్మలో ఆ విచిత్ర భవనము మంచు కప్పుకొని నిలుచున్నది. దాని ముందు గొడుగు పట్టుకొన్న స్త్రీ యొకతె మనకు వీపు చూపి నడచుచున్నది. చిత్రకారుడు భవనమును పొగడడు, ఎగతాళి చేయడు. మంచు రెంటిమీదను సమానముగా కురియుచున్నది.

ఈ నిదానము ఆయనకు ఎక్కడిది? జీవితమునుండి వచ్చినదని నా నమ్మకము. 1847లో షోగును కొలువున చిన్న ఉద్యోగి యింట పుట్టెను. 1868 యుద్ధమున ఓడిన పక్షమున నిలిచెను. ప్రభువుతో పాటు షిజువొకాకు పోయి, దారిద్ర్యమనుభవించి, 1874లో పుట్టిన ఊరికి తిరిగి వచ్చెను. వచ్చునప్పటికి ఊరి పేరే మారియున్నది. గెలిచినవారు కట్టిన క్రొత్త నగరమును ఓడినవాడు చూచిన చూపు ఆ బొమ్మలలో నున్నది. 1881 జనవరిలో రియొగొకు ప్రాంతమున గొప్ప అగ్నిప్రమాదము జరుగగా, ఆయన మంటలను చిత్తుపుస్తకములో గీసికొనుచు వీధులవెంట తిరిగెను. తిరిగి వచ్చునప్పటికి తన ఇల్లే కాలిపోయినది. ఆ సంవత్సరముతోనే నగర దృశ్యములను వేయుట మానెను. తరువాత వ్యంగ్యచిత్రములతోను యుద్ధచిత్రములతోను కాలము గడిపెను.

అచ్చుబొమ్మల పరిశ్రమయు అచటినుండి క్షీణించినది. శిలాముద్రణము, ఫోటో, వార్తాపత్రిక అదే పనిని శీఘ్రముగా, చౌకగా చేయజొచ్చినవి. 1894–95 చీనా యుద్ధకాలమున కొన్నాళ్లు గిరాకి పెరిగి, పిదప చల్లారెను. చెక్కువారు, అచ్చువారు వేరు పనులు వెదకికొనిరి. చచ్చిన దనుకొన్న ఈ విద్య ఇరువదవ శతాబ్దిలో రెండు విధములుగా తిరిగి లేచినది. వతనబె షోజబురొ యను ప్రకాశకుడు 1915 ప్రాంతమున చిత్రకారుని, చెక్కువానిని, అచ్చువానిని మరల ఒక్క కప్పు క్రిందికి చేర్చెను. ఆయన ప్రోత్సహించిన కవసె హసుయి బొమ్మలలో వాన, మంచు, దేవాలయములు, సంధ్యాకాంతి మనోహరముగా నుండును. కాని వానిని విరివిగా కొన్నవారు విదేశీయులు. వారికి కావలసినది పాత జపాను. కనుక పెక్కు బొమ్మలలో తంతిస్తంభములకు చోటు చిక్కలేదు. రెండవ తెగవారు, గీయుట, చెక్కుట, అచ్చొత్తుట మూడును ఒకే చేయి చేయవలెనని పట్టుపట్టిన స్వతంత్రులు. 1923 సెప్టెంబరు 1న భూకంపమును మంటలును టోక్యోను నేలమట్టము చేయగా వతనబె దుకాణమును పలకలును హసుయి చిత్తుపుస్తకములును బూడిదయైనవి. ఆ బూడిదనుండి లేచిన నగరమును ఈ రెండవ తెగలోని కొయిజుమి కిషియొ 1928 మొదలు 1940 వరకు నూరు బొమ్మలుగా చెక్కెను. వానిలో దేవాలయమును గలదు, విమానాశ్రయమును గలదు. అయిదేండ్లు గడచినంతనే, 1945 మార్చిలో, ఆ నగరములో అధికభాగము బాంబులచే మరల దగ్ధమైనది. నూరు బొమ్మలు మిగిలినవి.

ఈ చరిత్రను ఎన్నిసార్లు తలపోసినను నాకు తోచు తత్త్వ మొక్కటే. పాతక్రొత్తల కలయిక మంచిదా చెడ్డదా యని మన సభలలో తరచుగా వాదము జరుగుచుండును. ఆ ప్రశ్నయే సరియైనది కాదు. కలయిక ఎట్లును జరుగును. ఎవరి చేతిలో జరుగుచున్నదనునదే ప్రశ్న. బెర్లిను నీలము జపానునకు వచ్చినపుడు దానిని ఎచ్చట ఎంత పూయవలెనో నిర్ణయించినవాడు అచ్చువాడు. క్రొత్త సరుకు అతని చేతికి పనిముట్టైనది. కృత్రిమ నీలి మన సీమకు వచ్చినపుడు నిర్ణయించినది దూరపు విపణి. సేద్యగాడు నిర్ణయము విన్నవాడే గాని చేసినవాడు కాడు. పిదప ఫోటోయు శిలాముద్రణమును వచ్చినపుడు ఆ అచ్చువానికిని మన నీలిరైతు గతియే పట్టినది. వడ్రంగి మేస్త్రి తన బుద్ధితో కలిపిన భవనము వింతగా నున్నను సజీవముగా నుండెను.

జపాను సంగతి మనకేల యని ఎవరైన అడుగవచ్చును. సంబంధము లేకపోలేదు. పదునేడవ శతాబ్దిలో డచ్చి వర్తకులు మచిలీపట్నము మొదలగు మన తీరపు రేవులనుండి అద్దకపు బట్టలను ఓడలకెత్తించిరి. అందు కొన్ని జపానువరకు పోయినవి. జపానువారు వానిని సరస యని పిలిచి, తేనీటి వేడుకలలోని విలువైన పాత్రలకు చుట్టుబట్టలుగా తునకతునకను దాచుకొనిరి. తరువాత తామును అట్టివి చేయ నేర్చుకొనిరి. ఇది పాత బంధుత్వము. క్రొత్త బంధుత్వము పత్తివలన గలిగినది. అందు మా ఆదోనికి పాలున్నది.

1565 యుద్ధములో విజయనగరము కూలిన పిదప, 1568లో ఆదోని దుర్గము బిజాపురమువారి వశమైనది. సిద్ది మసూదుఖాను దీనిని ఏలుచుండగా ఔరంగజేబు సేనలు ముట్టడించినవి. మొగలు సేనాని ఫిరంగులను జుమ్మా మసీదువైపు త్రిప్పించెననియు, తాను ప్రేమతో కట్టించుకొన్న మసీదు పగులుట చూడలేక మసూదుఖాను దుర్గమునే అప్పగించెననియు పెద్దలు చెప్పుదురు. నిజమైనను కాకున్నను, కోటకంటె కట్టడమును మిన్నగా నెంచిన ఆ కథను ఊరివారు మరువలేదు. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీకి దత్తము చేసెను. 1871లో మద్రాసునుండి వచ్చిన రైలుదారి రాయచూరు వద్ద బొంబాయి దారితో కలిసెను. తకనవాలో రైలు నడచుటకు ఒక్క సంవత్సరము ముందటి మాట ఇది. రేగడిచేల పత్తి ఎద్దుబండ్లమీద ఆదోనికి వచ్చి, గింజ తీయబడి, బేళ్లుగా బిగింపబడి రైలెక్కినది. ఊరు పెరిగినది, రెండవ బొంబాయి యని కొందరు ముద్దుగా పిలిచిరి. తెలుగు, కన్నడము, ఉర్దూ ఒక్క అంగడిలోనే వినవచ్చుట అప్పటికే అలవాటు. వానికి గుజరాతీ మార్వాడీ వర్తకుల మాటలు తోడైనవి.

బొంబాయిలో పత్తి కొన్నవారిలో జపానువారు ముఖ్యులైరి. 1893లో టాటావారును జపాను నౌకాసంఘమును కలిసి బొంబాయినుండి కోబెకు ఓడలు నడిపిరి. మన పత్తి ఒసాకా మిల్లులలో నూలై, బట్టయై, 1930 తరువాత మిక్కిలి చౌకగా మన సంతలకే తిరిగి వచ్చినది. ప్రభుత్వము ఆ బట్టమీద సుంకము పెంచగా, 1933లో జపాను మిల్లులు మన పత్తిని కొనుట మానినవి. 1934లో ఒడంబడిక కుదిరినది: వారు పది లక్షల బేళ్ల పత్తి కొన్నచో ముప్పదిరెండున్నర కోట్ల గజముల బట్ట మన దేశమున అమ్ముకొనవచ్చును. ఈ లెక్కను ఆదోని వర్తకుడు చూచి ఊపిరి పీల్చుకొని యుండును. ఇరువది మైళ్ల లోపుననే యున్న ఎమ్మిగనూరు నేతగాడు అదే లెక్కను చూచినచో ఏమనుకొని యుండునో ఊహించుకొనుడు. కియొచిక రాత్రిపూట చూచి ఆశ్చర్యపడిన ఆ క్రొత్త వెలుతురే, యాబదియేండ్లకు ఒసాకా మిల్లు దీపమై, మన గుంటమగ్గము మీద నీడ వేసినది.

ఎమ్మిగనూరు నేతగాండ్రు కుర్ని, పద్మశాలి, తొగట మున్నగు కులములవారు. తండ్రి నేయును, తల్లి రాట్నముమీద కండెలు చుట్టును, పిల్లలు ఆసు పోయుటకు సాయపడుదురు, గంజి పెట్టుటకు ఇల్లంతయు వీధిలో నిలుచును. ఇంత శ్రమకును పేరు ఒక్క మగవానిదే. ఆడుదాని పనికి లెక్క లేదు. నూలు షావుకారిది, బట్టయు షావుకారిదే, అప్పుమాత్రము నేతగానిది. మిల్లుబట్ట పోటీ వచ్చినపుడు షావుకారు ధర తగ్గించెను. నేతగానికి తగ్గించుకొనుటకు ఆకలి తప్ప మరేమియు మిగులలేదు.

ఈ స్థితిలో 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘమును స్థాపించిరి. సంఘము నూలు ఇచ్చును, కూలి నిర్ణయించును, నేసిన బట్టను తానే అమ్మును. వినుటకు చిన్న మాట. కాని దీనివలన నిర్ణయము షావుకారి గద్దెనుండి లేచి నేతగాండ్ర సభలోనికి వచ్చినది. దానితోపాటు క్రొత్తదనమును వచ్చినది. తాడు లాగిన నాడె తానే పరుగెత్తు మగ్గము, వెడల్పు దుప్పట్లు నేయు మగ్గము, పట్టణపు ఇండ్లకు తగిన తువాళ్లు, తలుపుతెరలు, విదేశములకు పోవు సరుకు. తాతలు ధోవతులును చీరలును నేసిన చేతులే వీనిని నేసినవి. నేతగాండ్రకు గాలి వెలుతురుగల ఇండ్లవాడ కూడ ఏర్పడినది. సోమప్పగారికి భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చి గౌరవించినది. షిమిజు మేస్త్రి భవనమువలె ఇదియు రెండంతస్తుల కట్టడమే: క్రింద సహకారమను పాశ్చాత్యపు పునాది, పైన తరతరముల గుంటమగ్గము. కట్టినవారు ఊరివారు గనుక నిలిచినది.

నిలిచినదని వ్రాసితిని గాని, నేడు దానికి నాటి బలము లేదు. మరమగ్గము చేనేత నమూనాను ఒక్క దినములో అనుకరించును. నూలు ధర పెరుగును. చదువుకొన్న కొడుకు మగ్గపు గుంటలోనికి దిగనొల్లడు. అతనిని తప్పు పట్టుటకు నేనెవ్వడను? వానికి అక్షరములు నేర్పినవారిలో నేనొకడను. ఇక చేనేతను మెచ్చువారు నగరములలో లేకపోలేదు. కాని ఆ మెప్పు తరచుగా హసుయి బొమ్మలను కొన్న విదేశీయుని మెప్పువంటిది. పండుగనాడు కట్టుకొని, పాతకాలపు అందమని మురిసి, తక్కిన దినములలో మరమగ్గపు దుప్పటి పరచుకొందుము. ఆ మెప్పుచే నేత కొన్నాళ్లు బ్రదుకవచ్చును. నేతగాని బిడ్డ ఆ పనిని గౌరవముగా ఎంచుకొనుట జరుగదు. అతడు దానిని విడుచునప్పుడైనను, ఎంచుకొనునప్పుడైనను, ఆ నిర్ణయము అతనిదిగా నుండవలెను; ఆకలిది గాని అప్పుది గాని కారాదు. కులవృత్తి యను పేరుతో అతనిని గుంటలో కట్టివేయుటయు, పురోగతి యను పేరుతో గుంటనుండి వీధిలోనికి త్రోయుటయు ఒకే తప్పునకు రెండు రూపములు.

ఇప్పుడు ఆ పిల్లవాని ప్రశ్నకు వత్తును. మన ఊరి బొమ్మలు ఎవరూ వేయలేదా? చెక్కపలకమీద వేయలేదు. అట్లని మనవారు ఏమియు వ్రాసియుంచలేదని చెప్పరాదు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున మెకంజీ దొర పంపిన మనుష్యులకు మన దత్తమండలపు కరణములు గ్రామగ్రామమున కైఫీయత్తులు వ్రాసియిచ్చిరి. అందు దేవాలయములు, చెరువులు, మాన్యములు, పాలించిన ప్రభువులు గలరు. కాని రైలు వచ్చిననాడు ఎద్దుబండివాడు ఏమి చేసెనో, మిల్లులో మొదటిసారి పనికి పోయిన స్త్రీ ఏమి తలచెనో, చిరివేరు మాని డబ్బారంగు కలిపిన అద్దకపువాని చేతికి ఏమి మిగిలెనో వ్రాసిన కైఫీయత్తును నేను చూడలేదు. జపాను అచ్చుబొమ్మలలోను ఈ లోపము కొంత గలదు; చిత్రకారుని పేరు అందరెరుగుదురు, పలక చెక్కినవాని పేరు చాల బొమ్మలలో కానరాదు. అయినను చక్రము కనబడును. పుచ్చకాయ తొక్క కనబడును. గొడుగు పట్టిన అనామక స్త్రీ కనబడును.

మరుసటి వారము నేను ఆ పిల్లవానికి సమాధానముగా ఒక పని చెప్పితిని. ఎవరింటిలోనైన ముసలివారు మగ్గము నేసియుండినచో, పత్తిబండి తోలియుండినచో, మిల్లులో పనిచేసియుండినచో వారిని కూర్చుండబెట్టి అడిగి, వారు చెప్పిన మాటలలోనే వ్రాసికొని రండు. చేతనైనవారు బొమ్మకూడ వేయుడు. తరగతిలో సగము మందికి పైగా వ్రాసి తెచ్చిరి. ఆ ప్రశ్న అడిగిన పిల్లవాడు తన అవ్వను అడిగెను. కాగితమునకు ఒక ప్రక్క ఆమె మాటలు. మరియొక ప్రక్క పెన్సిలుతో వేసిన బొమ్మ. అందు రాట్నము చాల పెద్దది, సగమే కాగితములో పట్టినది. వెనుక దూరమున, చిన్నదిగా, పొగ వదలుచు ఒక రైలు. హిరోషిగె చక్రమును జ్ఞాపకముంచుకొని వేసెనో, కాగితము చాలక అట్లయ్యెనో నేనడుగలేదు. బొమ్మ క్రింద తన పేరు వ్రాయలేదు. అవ్వ పేరు వ్రాసెను.